బీర పువ్వు కోసం పొద్దున పదింటికి వెళ్తే ఎలా?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను, ఉండేది పటమటలో. కాలనీ పార్కుల్లో, అపార్ట్‌మెంట్ల మీద అందరూ కలిసి పెంచుకునే కూరగాయల తోటలు వెతుక్కుంటూ వెళ్లి ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాను. ఆదివారం టిఫిన్ చేసి పదింటికి బయల్దేరతాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఆకుపచ్చ ముద్దల్లా ఉంటున్నాయి. పోయిన వారం ఒక వాచ్‌మన్ లోపలికే రానివ్వలేదు. మంచి కెమెరా కొంటే బాగుపడతానా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కెమెరా సంగతి తర్వాత, ముందు టిఫిన్ టైము మార్చండి. పది దాటాక బెజవాడ ఎండలో ఆకు పైన తెల్లటి మెరుపు, కింద నల్లటి నీడ తప్ప ఇంకేం మిగలదు, దానికి ఎంత ఖరీదైన కెమెరా అయినా ఒకటే. పైగా మీరు వెళ్లేసరికి గుమ్మడి పువ్వు ముడుచుకుపోయి ఉంటుంది, బీర పువ్వు ఇంకా విచ్చుకోదు. గుమ్మడి తెల్లవారుతూనే పూస్తుంది. బెండ కూడా పొద్దున్నే, మధ్యాహ్నానికి వాడిపోతుంది. బీర సాయంత్రం నాలుగు దాటాక పసుపుపచ్చగా విచ్చుకుంటుంది, సొర అయితే ఇంకా చీకటి పడే వేళకి, తెల్లగా. ఆ తెల్లపువ్వు తీసేటప్పుడు స్క్రీన్ మీద పువ్వునే తాకి వెలుతురు కొంచెం తగ్గించండి, లేకపోతే రేకల్లో ముడతలు పోయి కాగితం ముక్కలా వస్తుంది. తీసే ముందు లెన్స్‌ని చొక్కా అంచుతో తుడవండి. నవ్వకండి, సగం ఫొటోలు జేబులో దుమ్ము వల్లే పాడవుతాయి.

ఆకుపచ్చ ముద్దకి అసలు కారణం మాత్రం వేరే. మీరు తోట మొత్తం ఒక్క ఫొటోలో ఇరికించాలని చూస్తున్నట్టున్నారు. దగ్గరకి వెళ్లండి. మిద్దె మీదకి తేనెటీగలు సరిగ్గా రాని చోట మగపువ్వు తుంచి, రేకలు వలిచేసి, వెనక వేలెడంత పిందె ఉన్న ఆడపువ్వుకి నెమ్మదిగా అద్దుతారు. ఆ రెండు వేళ్లు, వాటికంటిన పుప్పొడి, గోళ్లలో మట్టి చాలు, తోట ఫొటోలో పడ్డట్టే. మొక్కలకి పోసే జీవామృతం (ఆవు పేడ, మూత్రం కలిపి పులియబెట్టిన ద్రావణం) డ్రమ్ముని కర్రతో కలుపుతుంటే పైకొచ్చే నురగ కూడా బాగుంటుంది (వాసన ఫొటోలో రాదు కాబట్టి). సింగ్‌నగర్ వైపు వెళ్తే, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పటి నీటి చార ఏ గోడ మీదైనా మిగిలి ఉందేమో చూడండి, దాని మీదుగా బచ్చలి తీగ పాకుతూ దొరికితే మాత్రం వదలకండి.

వాచ్‌మన్‌ని తప్పుపట్టలేం. ముక్కూ మొహం తెలియని కుర్రాడు ఫోన్ ఎత్తి పట్టుకుని మేడ మీదకి వస్తానంటే నేనైనా ఆపుతాను. మొదటిసారి ఫోన్ జేబులోంచి తీయకుండా వెళ్లండి, నీళ్లు పోసే టైముకి. అసోసియేషన్ వాళ్లలో ఒకరిని అడిగి, ఏ మొక్క ఎవరిదో కనుక్కుని, రెండో వారం తీయండి. నేనోసారి ఒక కాలనీలో చిక్కుడు పందిరి తీస్తున్నాననుకుంటుంటే వెనక నైటీలో ఒక పిన్నిగారు పడ్డారు. "బాబూ, అది తీసెయ్" అన్నారు. ఆవిడ ముందే తీసేశాను, ట్రాష్‌లోంచి కూడా. ఇప్పటికీ ఎదురుపడితే "ఫొటోల బాబు" అని నవ్వుతారు, నాకు మాత్రం సిగ్గే. పిల్లలు, ఇంటి నంబర్లు, ఆరేసిన బట్టలు ఫ్రేములో లేకుండా చూసుకోండి, ఎవరికైనా పంపేటప్పుడు లొకేషన్ కట్టేయండి. మంచి ఫొటో ఒకటి ప్రింట్ తీయించి ఆ పాదు పెట్టినవాళ్ల చేతికివ్వండి, మూడోసారి గేటు దగ్గర టెన్షన్ ఉండదు.

సీజన్ అంటారా, ఎండాకాలం వదిలేయండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి వెలుతురు, చిక్కుడు పూత కూడా అప్పుడే. ధనుర్మాసంలో గుమ్మడి పువ్వు కావాలంటే మాత్రం తెల్లారేసరికి పాదు దగ్గరుండండి, అరగంట ఆలస్యమైతే అది ఎవరింటి గొబ్బెమ్మ మీదో ఉంటుంది.