గుచ్చగానే బొమ్మ రాదేం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు క్యామ్‌కార్డర్ల గురించే. మూడింటిలోనూ కెమెరా బాగానే ఉంది, తంటా అంతా వైర్ల దగ్గరే. మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకో చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: మా పెద్దవాడు 2008లో అమెరికా నుంచి టేపుల మీద హెచ్‌డీలో తీసే క్యామ్‌కార్డర్ తెచ్చాడు. పైడితల్లమ్మ సిరిమాను, మా ఊరి తప్పెటగుళ్లు, పోయిన మా అమ్మ మాటలు, అన్నీ కలిపి 14 టేపులు ఉన్నాయి. కొత్త టీవీకి ఆకుపచ్చ, నీలం, ఎరుపు వైర్లు పెట్టే చోటే లేదు. యూఎస్‌బీ వైరుతో మనవడి ల్యాప్‌టాప్‌కు కలిపితే నాలుగు ఫొటోలు కనిపించాయి, వీడియో ఒక్కటీ లేదు. కెమెరా పాడైపోయిందా?
- ఒక రిటైర్డు మాస్టారు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, కెమెరాకు ఏమీ కాలేదు. ఆ కాలపు హెచ్‌డీవీ (టేపు మీద హెచ్‌డీలో తీసే) కెమెరాల్లో చాలావాటికి యూఎస్‌బీ ఉన్నది మెమరీ కార్డులోని ఫొటోల కోసమే. టేపు మీది వీడియో ఆ దారిన రాదు. మీ మనవడు ఎన్ని డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు వేసినా అంతే, పాపం అతన్ని ఏమీ అనకండి.

ముందు చూడటం సంగతి. కెమెరా పక్కన రబ్బరు మూత కింద హెచ్‌డీఎంఐ సాకెట్టు ఉందేమో చూడండి. కొన్ని మోడళ్లకు టీవీ వెనక ఉండేంత పెద్దదే ఉంటుంది, కొన్నిటికి మినీ ఉంటుంది, వైరు కొనే ముందు కెమెరాను షాపుకు పట్టుకెళ్లడం మేలు. కెమెరాను ప్లే మోడ్‌లో పెట్టి, టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చితే బొమ్మా శబ్దమూ ఒకే వైరులో వస్తాయి. మీరు వెతుకుతున్న మూడు రంగుల కాంపొనెంట్ వైర్లలో బొమ్మ ఒక్కటే వెళ్తుంది, శబ్దానికి తెలుపు, ఎరుపు వైర్లు వేరే పెట్టాలి, కాబట్టి అవి లేవని బెంగ వద్దు. ఇంకో మాట. అమెరికాలో కొన్న కెమెరా 60 హెర్ట్జ్ లెక్కన తీస్తుంది, మన పాత పాల్ (మన దేశంలో వాడిన 50 హెర్ట్జ్ పద్ధతి) టీవీలకు పసుపు వైరుతో కలిపితే కొన్నిట్లో రంగులు పోయేవి, కొన్నిట్లో బొమ్మ ఎగిరేది. ఇప్పటి టీవీకి హెచ్‌డీఎంఐలో ఆ బాధ ఉండదు.

కానీ నా మాట వింటే, టీవీలో చూడటానికి తొందరపడకండి. ముందు కాపీ చేయించండి. కెమెరాలో టేపు తిప్పే యంత్రం వయసు కూడా టేపుల వయసే, అది ఎన్నాళ్లు తిరుగుతుందో చెప్పలేం.

కాపీకి అసలు దారి ఐ.లింక్ అనో డీవీ అనో రాసి ఉండే బుల్లి నాలుగు పిన్నుల సాకెట్టు. ఫైర్‌వైర్ అన్నా ఐఈఈఈ 1394 అన్నా ఇదే, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. టేపు మీద ఉన్న డేటా ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి వచ్చేది దీంట్లోనే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఈ పోర్టు లేదు, ఆపిల్ కూడా 2025లో వచ్చిన తన కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ మ్యాక్‌ఓఎస్ టాహోతో దీన్ని వదిలేసింది. ఫైర్‌వైర్ నుంచి యూఎస్‌బీకి అని ఆన్‌లైన్‌లో వంద రూపాయలకు ఒక పిన్ను అమ్ముతుంటారు, దాంతో టేపు కాపీ కాదు, కొనకండి. డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నవాళ్ల చేత లోపలి స్లాటులో పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేయించడం తేలిక. విజయనగరంలో పాత పెళ్లి వీడియోల వాళ్లను అడిగి చూడండి, టేపుల కాలం నాటి కంప్యూటర్ ఎవరో ఒకరి అటక మీద ఉండకపోదు. కలిపేటప్పుడు రెండూ ఆఫ్‌లో ఉంచి, వైరు ముందు కంప్యూటర్‌కు, ఆఖరున కెమెరాకు గుచ్చమనండి. తలకిందులుగా నెట్టినా, ఎర్తింగ్ సరిగా లేకపోయినా ఆ బుల్లి సాకెట్టు మాడిపోతుంది, అది మాడితే ఆ కెమెరాతో టేపుల్లోంచి అసలు డేటా బయటికి రావడానికి వేరే దారి లేదు.

మెనూలో ఐ.లింక్ కన్వర్షన్ లాంటిది ఉంటే ఆఫ్‌లో పెట్టండి. ఆన్‌లో ఉంటే హెచ్‌డీ బొమ్మను మామూలు డీవీగా (హెచ్‌డీ కన్నా తక్కువ నాణ్యతకు) దించి పంపుతుంది, అన్నీ కాపీ అయ్యాక గానీ తెలియదు. ఆ సెట్టింగు వైరు గుచ్చక ముందే మార్చాలి. గంట టేపుకు గంట పడుతుంది, తొందర పెట్టే మార్గం లేదు. గంటకు 11 నుంచి 13 జీబీ వేసుకోండి, మీ 14 టేపులూ 200 జీబీ లోపే.

ఫైర్‌వైర్ దొరక్కపోతే హెచ్‌డీఎంఐ బొమ్మను యూఎస్‌బీ దారిన కంప్యూటర్‌లోకి పంపే క్యాప్చర్ స్టిక్ పెట్టి ల్యాప్‌టాప్‌లో రికార్డు చేయొచ్చు. నాణ్యత కొంచెం తగ్గుతుంది, అసలు లేనిదానికన్నా నయం. దానికి ముందు కెమెరా మెనూలో డిస్‌ప్లే అవుట్‌పుట్‌ను ఎల్‌సీడీకి (కెమెరా సొంత తెరకు) మాత్రమే అని మార్చండి, లేకపోతే బ్యాటరీ బొమ్మ, టేపు కౌంటరు మీ అమ్మగారి మొహం మీదే పడి శాశ్వతంగా ఉండిపోతాయి.

టేపులు వేసే ముందు టేపు డబ్బా మీది చిన్న కిటికీలోంచి చూడండి, అంచుల మీద తెల్లటి బూజు ఉంటే వేయొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు మా ఇంట్లో అట్టపెట్టె తడిసింది. ఎండలో పెట్టాను కదా అని ఒక టేపు కెమెరాలో వేశాను, నిమిషంలో లోపల చుట్టుకుపోయింది. అందులో మా చెల్లి పెళ్లి ఉంది. తప్పు నాదే, బూజు కనిపించినా ఆత్రం ఆగలేదు. బాగున్న టేపునైనా ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు ప్లే చేయండి.

ప్రశ్న: అన్నా, ఈ మధ్యే 4కే క్యామ్‌కార్డర్ కొన్నాను. కల్యాణ మండపంలో లైవ్‌గా ఎల్ఈడీ తెర మీద వేయాలంటే కెమెరా కదిపినప్పుడల్లా బొమ్మ పోతోంది. 15 మీటర్ల వైరు వాడుతున్నా. ముహూర్తం టైములో టెన్షన్ అవుతోంది.
- ఒక వీడియోగ్రాఫర్, రాజాం

జవాబు: తమ్ముడూ, నీ కెమెరాకు ఉన్నది మైక్రో హెచ్‌డీఎంఐ (అన్నిటికన్నా చిన్న సాకెట్టు) అయి ఉంటుంది. పెద్దదానిలో ఉండే 19 పిన్నులూ ఆరు మిల్లీమీటర్ల వెడల్పులో ఇరికించారు. దానికి 15 మీటర్ల వైరు బరువు వేలాడదీస్తే ఏమవుతుంది, ఇవాళ బొమ్మ పోతుంది, రేపు పోర్టే పోతుంది. మైక్రో నుంచి మామూలు హెచ్‌డీఎంఐకి జానెడు వైరు ఒకటి కొని, దాన్ని ట్రైపాడ్‌కు క్లాంపుతోనో కనీసం వెల్క్రోతోనో కట్టేసి, పొడవు వైరు అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఇక దూరం. 4కే సిగ్నల్ 15 మీటర్ల మామూలు రాగి వైరులో నిలకడగా వెళ్లదు, ఆ తెరకు 4కే అక్కర కూడా లేదు. హెచ్‌డీఎంఐ రిజల్యూషన్ ఆటోలో వదిలేయకుండా 1080కి మార్చు, కార్డులో 4కే రికార్డయ్యేలా ఉంచుకోవచ్చో లేదో నీ మోడల్‌లో ఒకసారి పరీక్షించు. పని రోజూ ఇదే అయితే హెచ్‌డీఎంఐ నుంచి ఎస్‌డీఐకి (టీవీ స్టూడియోల వాళ్లు వాడే వీడియో వైరు పద్ధతి) మార్చే చిన్న పెట్టె తీసుకో. ఎస్‌డీఐ వైరు బీఎన్‌సీ పిన్నుతో తిప్పి బిగుస్తుంది, పిల్లలు తొక్కినా ఊడదు, 1080 బొమ్మ 50 మీటర్లకూ పోతుంది. తెర వాళ్ల దగ్గర ఎస్‌డీఐ ఇన్‌పుట్ ఉందో లేదో ముందురోజే అడుగు, భజంత్రీలు మొదలయ్యాక కాదు.

ప్రశ్న: క్యామ్‌కార్డర్ ఏవీ వైరు (టీవీ వైపు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఉండేది) పోయింది. సెట్‌టాప్ బాక్సుది అలాంటిదే ఉందని పెడితే టీవీలో గీతలు, బర్రుమని మోత.
- ఒక గృహిణి, నరసన్నపేట

జవాబు: అమ్మా, కెమెరా వైపు ఉండే ఆ 3.5 మిల్లీమీటర్ల పిన్నులు చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ లోపల వైర్ల వరుస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. టీవీ దగ్గర ఎర్ర పిన్ను తీసి పసుపు సాకెట్టులో పెట్టి చూడండి, రాకపోతే తెల్లది. దేనితోనూ రాకపోతే ఎర్త్ చోటే వేరని అర్థం, ఆ వైరు పనికిరాదు, మీ మోడల్‌కు సరిపోయేది కొనాలి. అంతకన్నా ముందు ఒకటి చూసుకోండి, కొన్ని కెమెరాల్లో ఏవీకీ హెడ్‌ఫోన్‌కూ ఒకటే రంధ్రం, మెనూలో అది హెడ్‌ఫోన్ మీద ఉంటే ఏ వైరు పెట్టినా బొమ్మ రాదు.