షెడ్లలో బెంగాలీ కుటుంబాలు, చేతిలో పోలీసు కాగితం: జాగా యజమాని ఏం చేయాలి?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు మా అమ్మ పేరు మీద 8 గుంటల జాగా ఉంది. రేకుల షెడ్లు వేసి బాడుగకిచ్చాం. మొత్తం 22 షెడ్లు. కొన్నింటిలో కర్నూలు, రాయచూరు బేల్దారులు ఉన్నారు. 14 షెడ్లలో బెంగాలీ మాట్లాడే కుటుంబాలు. అపార్ట్‌మెంట్ల చెత్త వేరుచేయడం, ఇళ్లలో పనిచేయడం వాళ్ల బతుకుదెరువు. పోయిన వారం స్టేషను నుంచి కాగితం వచ్చింది: "మీ జాగాలో బంగ్లాదేశీయులు ఉన్నట్టు ఫిర్యాదు అందింది, మూడు రోజుల్లో ఖాళీ చేయించండి, లేదంటే మీపై కేసు." 64 ఏళ్ల మా అమ్మను స్టేషనుకు రమ్మంటున్నారు. పక్క అపార్ట్‌మెంటులో సగం మంది వాళ్లను తరిమేయమని, సగం మంది పేదలను వేధించొద్దని కొట్టుకుంటున్నారు. అందరి ఆధార్ జిరాక్సులూ మా దగ్గర ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: గడువు చూసి కంగారుపడి ఎవరినీ పంపేయకండి. జాలితో చెబుతున్న మాట కాదిది, మీ అమ్మగారి క్షేమం కోసమే చెబుతున్నాను. ఆ 14 కుటుంబాల్లో రేపు ఒక్కరు నిజంగా విదేశీయులని తేలినా, పోలీసులు మొదట అడిగేది "వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?" అనే. కాగితం అందిన మర్నాడే వాళ్లు కనపడకుండా పోతే, తప్పించింది మీరేనన్న అనుమానం వస్తుంది. మిగిలినవాళ్లు భారతీయులే అయితే, నోటీసు లేకుండా గెంటేశారని మీ మీదే కోర్టుకు వెళ్లగలరు. స్వాధీనం పోయిన ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేస్తే చాలు, హక్కు ఎవరిదన్న చర్చ లేకుండా కోర్టు తిరిగి స్వాధీనం ఇప్పించగలదు.

ఇప్పుడు ఆ కాగితం తీసి చూడండి. దాని మీద నంబరు, తేదీ, ముద్ర, సంతకం చేసిన అధికారి హోదా ఉన్నాయా? ఏ చట్టం, ఏ సెక్షన్ అని రాశారా? ఇలాంటి కాగితాల్లో చాలావాటిలో సెక్షన్ ఉండదు. ఉండకపోవడానికి కారణముంది. నేరాన్ని విచారించే అధికారం పోలీసులది. అనుమతి లేని కట్టడాన్ని తీయించే అధికారం నగర పాలికెది. విదేశీయుణ్ణి గుర్తించి దేశం దాటించే అధికారం కేంద్రానిది, దాన్ని రాష్ట్రాలకు అప్పగించారు, అమలులో ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు) కార్యాలయం ఉంటుంది. బాడుగదారులను ఖాళీ చేయించమని యజమానికి హుకుం జారీ చేసే అధికారం స్టేషను ఇన్‌స్పెక్టరుకు ఇందులో ఎక్కడా లేదు.

2020 జనవరిలో బెళ్లందూరు దగ్గర కరియమ్మన అగ్రహారలో ఇదే జరిగింది. బంగ్లాదేశీయులున్నారంటూ ఒక వీడియో తిరిగింది, జాగా యజమానులకు పోలీసు నోటీసు వెళ్లింది, షెడ్లు నేలమట్టమయ్యాయి. గూడు పోయినవాళ్లలో అస్సాం, త్రిపుర, బెంగాల్ వాళ్లతో పాటు ఉత్తర కర్ణాటక వాళ్లూ ఉన్నారు. పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వ్యాజ్యం వేశాక కర్ణాటక హైకోర్టు జోక్యం చేసుకుని ఖాళీ చేయించడాన్ని ఆపింది. మీ లాయరుకు ఈ కేసు గుర్తుచేయండి, మీ సంగతికి ఇంతకన్నా దగ్గరి కేసు దొరకదు.

కాగితానికి జవాబు రాతపూర్వకంగానే ఇవ్వండి, నోటిమాటగా వద్దు. కన్నడలో గానీ ఇంగ్లిషులో గానీ ఒక పేజీ చాలు. జాగా ఎవరిది, ఎన్ని షెడ్లు, ఎవరెవరు ఎప్పటి నుంచి ఉంటున్నారు అన్న పట్టిక జత చేయండి. గుర్తింపు కాగితాల నకళ్లు ఇస్తున్నామని, విచారణకు సహకరిస్తామని రాయండి. ఏ సెక్షన్ కింద ఖాళీ చేయించమంటున్నారో తెలియజేయమని మర్యాదగా అడగండి. స్టేషనులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయబోమంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఒక ప్రతి మీ డివిజన్ డీసీపీకి పంపండి. ఒరిజినల్ కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. స్వాధీనం చేసుకుంటామంటే మహజరు (పంచనామా) రాసి నకలు ఇమ్మనండి.

అమ్మగారి విషయం తేలిక. సాక్షిగా ప్రశ్నించాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 179వ సెక్షన్ ప్రకారం స్త్రీలను, 60 దాటిన పురుషులను వాళ్లు నివసించే చోటే విచారించాలి, స్టేషనుకు రప్పించకూడదు. తనంతట తాను వెళ్తానంటే వేరు. ఇంటికొస్తే జవాబిస్తారని అదే లేఖలో ఒక వాక్యం చేర్చండి. నిందితురాలిగా చేర్చి 35వ సెక్షన్ కింద హాజరు నోటీసు ఇస్తే మాత్రం లెక్క మారుతుంది. దానికి వెళ్లి తీరాలి, లాయరుతో వెళ్లండి.

అసలు మీకు కేసు భయం ఎంత? 1946 నాటి విదేశీయుల చట్టం ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం, 2025 అమల్లో ఉంది. పాస్‌పోర్టు, వీసా లేకుండా చొరబడితే ఐదేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దొంగ పాస్‌పోర్టు, దొంగ వీసా వాడితే రెండేళ్ల నుంచి ఏడేళ్లు, పైగా జరిమానా. గడువు మీరి ఉండిపోతే మూడేళ్ల వరకు జైలు లేదా 3 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. డబ్బు తీసుకుని బస ఇచ్చేవాళ్ల మీద కూడా ఒక బాధ్యత ఉంది: విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్‌లో వివరాలు నింపాలి. జనం 'సీ ఫారం' అని పిలిచేది ఇదే. హోటలుకే కదా అనుకోవద్దు, బాడుగ తీసుకుంటే రేకుల షెడ్డుకూ వర్తిస్తుంది. యజమాని ముందుగా పోర్టల్‌లో నమోదు చేసుకుని, వచ్చినవాళ్ల పాస్‌పోర్టు, వీసా నంబర్లు, వచ్చిన తేదీ, ఫొటో ఎక్కించాలి. అనుమానం ఉంటే శాంతినగర్ కె.హెచ్. రోడ్డులో బీఎంటీసీ భవనంలో ఉన్న ఎఫ్ఆర్ఆర్ఓ కార్యాలయంలో అడగొచ్చు.

భారతీయులకు సీ ఫారం అక్కర్లేదు. ఇక్కడే మెలిక: మీకు ఆధార్ చూపించి దిగినవాడు తర్వాత విదేశీయుడని తేలితే? విదేశీయుడని తెలిసీ ఆశ్రయమిచ్చి దాచిపెట్టినవాడి పరిస్థితి వేరు, కాగితాలు చూసి నమ్మి మోసపోయినవాడి పరిస్థితి వేరు. ఆ తేడాను కోర్టులో చూపించేది మీ రికార్డే. ఉత్త జిరాక్సు దానికి సరిపోదు. ఆధార్ క్యూఆర్ కోడ్‌ను యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) యాప్‌తో స్కాన్ చేయండి. కార్డు పైన ఫొటో మార్చగలరు గానీ కోడ్ లోపలి వివరాలు మార్చలేరు. దిద్దిన కార్డులు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. ఓటరు కార్డు నంబరును ఎన్నికల సంఘం పోర్టల్‌లో వెతకండి. సొంత ఊరి పంచాయతీ, పోలీసు స్టేషను, అక్కడి ఒక బంధువు ఫోను నంబరు రాయించుకోండి. పనికి పెట్టుకున్న కాంట్రాక్టరు పేరు, హాజరు పుస్తకం వివరాలు తీసుకోండి. బాడుగ యూపీఐలో తీసుకుంటే తేదీలతో సహా లెక్క దానంతటదే తయారవుతుంది. ఈ పట్టికను మీ స్టేషనుకు ఇచ్చి ముద్ర తీసుకోండి. బేల్దారులతో సహా 22 షెడ్ల వివరాలూ ఇవ్వండి. బెంగాలీ మాట్లాడేవాళ్ల చిట్టా మాత్రమే ఇస్తే, భాష చూసి వేరుచేశారన్న మాట రేపు మీ మీదే వాడతారు.

పేరు అక్షరాల్లో తేడా ఉందని, పుట్టిన తేదీ జనవరి 1 అని చూసి వెంటనే దొంగ అనుకోవద్దు. బెంగాల్లో 'షేక్' అన్న ఒక్క ఇంటిపేరే నాలుగు రకాలుగా రాస్తారు. తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి 1 వేయడం కార్యాలయాల అలవాటు, మన రాయలసీమ పల్లెల్లోనూ అంతే. నేపాల్ వాచ్‌మన్ ఎవరైనా ఉంటే, భూమార్గంలో వచ్చే నేపాల్, భూటాన్ పౌరులకు వీసా అవసరమే లేదు. వాళ్ల దేశపు గుర్తింపు కార్డు నకలు తీసుకోండి.

ఆధార్ ఉంటే పౌరులే కదా అని అపార్ట్‌మెంటులో ఒక వర్గం అంటోందేమో. కాదు. ఆధార్ చట్టం 9వ సెక్షనే ఆ మాట స్పష్టంగా చెబుతుంది. ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన పౌరుడు కాడని 2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఒక బెయిలు కేసులో తేల్చింది. పుట్టుకతో పౌరసత్వానికి పుట్టిన తేదీ ముఖ్యం. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు భారతదేశంలో పుట్టినవారు తల్లిదండ్రులెవరైనా పౌరులే. 1987 జులై 1 నుంచి 2004 డిసెంబరు 2 వరకు పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. ఆ తర్వాత పుట్టినవారికి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. కాబట్టి మీ బాడుగదారులు తెప్పించుకోవాల్సింది తమ కార్డులకన్నా ముందు తల్లిదండ్రుల కాగితాలు: పాత ఓటరు జాబితా పేజీ (బెంగాల్‌కైతే 2002 సవరణ జాబితా బాగా పనికొస్తుంది), భూమి పర్చా (భూమి రికార్డు), బడి సర్టిఫికెట్, జనన నమోదు. ఊళ్లో ఉన్నవాళ్లు ఫొటో తీసి పంపినా విచారణకు ఆరంభం దొరుకుతుంది.

రెండో వర్గం "నిరూపించుకునే భారం వాళ్లదే, చట్టం అలాగే ఉంది" అంటుంది. అదీ సగం నిజమే. ఆ నియమం పాత చట్టంలో ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. అయితే ఒకరిని ఊరికే పట్టుకుని నిరూపించుకోమనడం కుదరదని, అనుమానానికి ఆధారం అధికారి చేతిలో ముందుగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 జులైలో అస్సాంకు చెందిన రహీమ్ అలీ కేసులో చెప్పింది. మాట్లాడే భాష అలాంటి ఆధారం కాదు. ఇక విదేశీయుణ్ణి పంపేసే అధికారం ప్రభుత్వానికి పూర్తిగా ఉందని సుప్రీంకోర్టు 1955లోనే హాన్స్ ముల్లర్ కేసులో అంది. రోహింగ్యాల విషయంలో 2021 ఏప్రిల్లో కూడా పంపడాన్ని ఆపలేదు గానీ, నిర్దేశించిన పద్ధతి పాటించకుండా పంపొద్దంది. గొడవంతా ఆ పద్ధతి దగ్గరే.

ఆ పద్ధతి ఏమిటో మీ బాడుగదారులకు తెలిసి ఉండటం మంచిది. కేంద్ర హోం శాఖ 2025 మే 2న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, పట్టుబడినవాడు ఫలానా రాష్ట్రపు పౌరుణ్ణని చెబితే, పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, బంధువుల వివరాలు ఆ రాష్ట్రానికి పంపాలి. వాళ్లు 30 రోజుల్లో నిజమో కాదో తేల్చి చెప్పాలి. ఢిల్లీలో పట్టుకున్న ఒక బెంగాల్ కుటుంబాన్ని ఈ విచారణ లేకుండానే హడావిడిగా బంగ్లాదేశ్‌కు పంపేస్తే, 2025 సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి నాలుగు వారాల్లో వెనక్కి తెమ్మంది. అందుకే మొదటి గంటలోనే ఊరు, పోలీసు స్టేషను, తండ్రి పేరు తప్పుల్లేకుండా చెప్పగలగాలి. భయంతో తడబడి ఊరిపేరు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పడమే చాలామంది కొంప ముంచుతుంది. ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోమనండి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, బంధువుకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం 'వ్యక్తి' అంటుంది, పౌరుడు అనదు. ఎవరినైనా తీసుకెళ్లి ఆచూకీ చెప్పకపోతే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయొచ్చు, వేసేది బంధువే కానక్కర్లేదు. కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయమనండి.

అపార్ట్‌మెంటు సంఘం చేయగలిగింది కొంతే. గేటు దగ్గర రిజిస్టరు పెట్టుకోవచ్చు, నిర్దిష్టమైన సమాచారం ఉంటే పోలీసులకు ఇవ్వొచ్చు. పనిమనిషిని గేటు దగ్గర నిలిపేసి కార్డులు లాక్కుంటే, గదిలో కూర్చోబెడితే, దానికి భారతీయ న్యాయ సంహితలో 126 (అక్రమంగా అడ్డగించడం), 127 (అక్రమ నిర్బంధం) సెక్షన్లు ఉన్నాయి. ఫొటో పెట్టి 'బంగ్లాదేశీ' అని గ్రూపులో తిప్పితే పరువు నష్టం, శృతి మించితే వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టినందుకు 196వ సెక్షన్ కూడా. ఆ గ్రూపులో మీరు ఏ పక్షానా మాట రాయకండి. మీరు అక్కడ రాసే ప్రతి వాక్యం రేపు స్క్రీన్‌షాట్‌గా కేసు ఫైలులో చేరొచ్చు. నాలుగు రోజులు చెత్త ఎత్తకపోతే రెండు వర్గాలూ మీకే ఫోను చేస్తాయి, అది వేరే సంగతి.

నిజానికి నాకు పోలీసు కాగితం కన్నా మీ షెడ్ల గురించే ఎక్కువ బెంగ. జాగా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయిందా? ప్లాన్ ఉందా? మరుగుదొడ్లు ఎన్ని? ఒక ఇంటి మీటరు నుంచి 22 షెడ్లకు వైరు లాగి ఉంటే, బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడుతుంది. వలసల గొడవ ముదిరితే అధికారులు ఎంచుకునే దారి చాలాసార్లు ఇదే. పౌరసత్వం తేల్చడం కష్టం, అనుమతి లేని షెడ్డని రాయడం సులువు. ఆ నోటీసు నగర పాలికె నుంచి వస్తే పోలీసు కాగితం విషయంలోలా ఆ అధికారం మీకు లేదని అనలేరు. గడువులోగా జవాబివ్వాలి. మీటర్లు, మరుగుదొడ్లు ఇప్పుడే సరిచేయించడం మొదలుపెట్టండి.

ఇవన్నీ చూశాక కూడా మాకీ బాడుగలే వద్దనుకుంటే, దానికీ దారి ఉంది. నెలవారీ బాడుగకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వండి, అడ్వాన్సు తిరిగిచ్చి రసీదు తీసుకోండి. వెళ్లనంటే సివిల్ కోర్టుకే వెళ్లాలి. నీళ్లు, కరెంటు ఆపడం, రేకులు పీకడం చేయొద్దు. వెళ్లేవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో అడ్రసు రాయించుకుని స్టేషనుకు తెలపండి.

గడువు రోజున జేసీబీతో వస్తే రాతపూర్వక ఆదేశం చూపమనండి, వీడియో తీయండి, అడ్డం పడి తోపులాటకు దిగకండి. దిగితే విధులకు ఆటంకమన్న కేసు అదనంగా పడుతుంది. హైకోర్టులో అత్యవసర రిట్‌కు కావాల్సినవి ఈరోజే ఒక కవరులో పెట్టండి: పహణీ లేదా ఖాతా (జాగా రికార్డు), పోలీసు కాగితం, మీ జవాబు, దాని రసీదు, షెడ్ల పట్టిక, ఫొటోలు. అమ్మగారి సంతకంతో వకాలత్‌నామా (తన తరఫున వాదించమని లాయరుకిచ్చే పత్రం) ముందుగానే లాయరు దగ్గర ఉంటే, ఆ పొద్దున సంతకం కోసం పరుగెత్తే పని తప్పుతుంది.