గడ్డ ఒక్కటే ఉంది కదా, ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నారు?

ప్రశ్న: మాది నర్సంపేట. నాన్నకు 56 ఏళ్లు. హెపటైటిస్-బి ఉందని ఎప్పుడో తెలిసినా మందులు వాడలేదు. ఇప్పుడు లివర్ కుడివైపు 4 సెంటీమీటర్ల గడ్డ ఉందని, క్యాన్సరని చెప్పారు. ప్లేట్‌లెట్లు 78 వేలు, బిలిరుబిన్ 1.8, ప్లీహం పెరిగిందని రిపోర్టులో ఉంది. వరంగల్‌లో ఒక డాక్టర్ ఆపరేషన్ చేయొచ్చన్నారు. హైదరాబాద్‌లో ఇంకొకరు వద్దన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. ఇద్దరు డాక్టర్లూ ఒకే గడ్డను చూశారు. కానీ ఇక్కడ ముందు చూడాల్సింది గడ్డను కాదు, అది తీసేశాక మిగిలే లివర్‌ను. ఆరోగ్యమైన లివర్‌లో నాలుగింట మూడొంతుల దాకా తీసేసినా మిగతాది మళ్లీ పెరుగుతుంది. సిర్రోసిస్ వచ్చి గట్టిపడ్డ లివర్‌కు ఆ శక్తి ఉండదు. కనీసం 40 శాతమైనా మిగలాలి, అదీ బాగా పనిచేస్తుండాలి.

మీ నాన్నగారి ప్లీహం పెరగడం, ప్లేట్‌లెట్లు లక్షలోపు ఉండడం చూస్తే పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగినట్టుంది, అంటే సిర్రోసిస్ వచ్చి ఉండొచ్చు. బిలిరుబిన్ కూడా ఎక్కువే. ఇలాంటివారికి కోత పెడితే గడ్డ పోతుంది గానీ, తర్వాత పొట్టలో నీరు చేరి, కామెర్లు ముదిరి లివర్ ఫెయిలయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే వద్దన్న డాక్టర్ మాటే నాకు సబబనిపిస్తోంది.

అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. గడ్డ ఒక్కటే ఉండి 5 సెంటీమీటర్లు దాటకపోతే, లేదా గడ్డలు మూడుకు మించకుండా ఉండి ఒక్కోటి 3 సెంటీమీటర్లు మించకపోతే, రక్తనాళాల్లోకి పాకకపోతే లివర్ మార్పిడి మంచి ఫలితమిస్తుందని 1996లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లు చూపించారు. మీ నాన్నగారి గడ్డ ఆ కొలతలోకే వస్తుంది. మార్పిడితో క్యాన్సర్, సిర్రోసిస్ రెండూ పోతాయి. ట్రైఫేసిక్ సీటీ (లివర్‌ను మూడు దశల్లో తీసే స్కాన్), ఛాతీ సీటీ, ఎండోస్కోపీ, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కు చూసే రక్తపరీక్ష) రిపోర్టులన్నీ పట్టుకుని మార్పిడి చేసే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో లివర్ ఇచ్చేవారు లేకపోతే బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయిస్తారు. ఆలస్యమయ్యేలా ఉంటే, ఈలోపు గడ్డ పెరగకుండా రక్తనాళం ద్వారా మందు పంపే టేస్ చికిత్స గురించి అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసుకెళ్లండి, ఏయే ఖర్చులు వస్తాయో అక్కడి ఆరోగ్యమిత్ర చెబుతారు.

హెపటైటిస్-బి మందు మాత్రం ఈ వారమే, డాక్టర్‌కు చూపించి మొదలుపెట్టించండి. చుట్టాలెవరో చెప్పారని పసరు మందు తాగించకండి, దయచేసి. ఉన్న కాస్త లివర్‌నూ అది దెబ్బతీయొచ్చు. మీరు, అమ్మగారు, మీ తోబుట్టువులు కూడా హెపటైటిస్-బి పరీక్ష చేయించుకోండి. లేదని తేలినవారు మూడు డోసుల టీకా వేయించుకోవాలి.