తోట ఎండినప్పటి నుంచి ఆయన మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట, పెంచి పన్నెండేళ్లయింది. వానలు లేక రెండు బోర్లూ వట్టిపోయాయి. ట్యాంకర్లతో నీళ్లు పోసినా సగం చెట్లు ఎండాయి, కొట్టేయించాం. అప్పటి నుంచి మా ఆయన రాత్రిళ్లు పడుకోరు, పిల్లల మీద అరుస్తారు, లేదంటే రోజంతా మాట్లాడరు. ‘నేను లేకపోయినా మీకు గడిచిపోతుంది’ అని మొన్న అన్నారు. ఒకరోజు ఇంకో బోరు వేద్దామంటారు, ఇంకోరోజు ఏదీ వద్దంటారు. అత్తమ్మ దిష్టి అంటోంది. పెద్దబ్బాయి భూమి అమ్మి హైదరాబాద్ రమ్మంటున్నాడు. ఇది పిచ్చా? నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ‘నేను లేకపోయినా’ అన్న మాట సంగతి చూద్దాం. దాన్ని విసుగులో అన్న మాటగా వదిలేయకండి. ఈ రోజే, ఇద్దరే ఉన్నప్పుడు, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. లోపల నలుగుతున్న మనిషికి ఎవరో ఒకరు అడగడమే సగం ఊరట. ఆయన ఏం చెప్పినా వాదించకుండా, తిట్టకుండా, ‘పిల్లల ముఖం చూడు’ అని ఒట్లు వేయించకుండా వినండి.

ఇంట్లో, కొట్టంలో మిగిలిన పురుగుమందు డబ్బాలను ఆయనకు అందకుండా నమ్మకమైన మరో ఇంటికి చేర్చండి. ఇది ఆయన మీద అనుమానం కాదు. చావాలన్న తలపు ఉవ్వెత్తున లేచి, చాలాసార్లు కాసేపటికి తగ్గిపోతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి బతుకుతాడు. చచ్చిపోవాలని అనిపిస్తోందని ఆయన చెబితే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనసు బాగోలేని వారికి సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు రాత్రి రెండింటికైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఆయన చేయనంటే మీరే చేసి, ఆయన పరిస్థితి చెప్పి, సలహా అడగండి.

ఇది పిచ్చి కాదు. బిడ్డల్లా సాకిన చెట్లను తన చేతులతో కొట్టేయించిన మనిషి దుఃఖం ఇది. ఊళ్లో మనిషి పోతే పది మంది వచ్చి కూర్చుంటారు, తోట పోతే అప్పు ఎంతని అడిగి వెళ్లిపోతారు. అందుకే ఆ దుఃఖం బయటికి రాక, కోపంగానో మౌనంగానో మారుతుంది. కరవు, వరద, ఎండ తీవ్రత, బతుకుతెరువు పోవడం మనుషుల మనసులను దెబ్బతీస్తున్నాయని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2022 నివేదికలోనే స్పష్టంగా రాసింది. ఆ దెబ్బ తగిలిన లెక్కలేనంత మందిలో ఆయన ఒకరు. ఈ మాట ఆయనకు చెప్పండి. ఎందుకంటే తానే చేతగానివాడినని ఆయన నమ్ముతున్నట్టుంది.

బోరు గురించి కూడా. నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో చాలావరకు కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది పైనున్న మెత్తబడిన పొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే. వానలు తప్పితే ఆ కాస్తా అడుగంటుతుంది, ఎంత లోతు తవ్వినా పగులు తగలకపోతే దుమ్మే వస్తుంది. ఇందులో ఆయన తప్పు లేదు. కానీ నిద్రలేని మనిషి ఇలాంటి పందెం కాయకూడదు. బోరు వేయడం, భూమి అమ్మడం, రెండూ ఆయన కుదుటపడేదాకా ఆపండి. అబ్బాయికి కూడా ఇదే చెప్పండి. ఊరు వదలడం ఓటమి అని నేననను. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు కట్టి బతికారు. అయితే నేల వదలాలన్న మాట ఆయన నోటి నుంచి రావాలి, కొడుకు నోటి నుంచి కాదు.

నిద్రను చిన్న విషయంగా చూడకండి. నిద్ర పట్టాలంటే ఒంట్లో వేడి కాస్త తగ్గాలి. పగలంతా కాగిన రేకులు, స్లాబు రాత్రి కూడా సెగ వదులుతుంటే అది జరగదు. ఆరుబయట మంచం వేయండి, పడుకునే ముందు చల్లటి నీళ్లతో స్నానం చేయించండి, సాయంత్రం తర్వాత టీ మాన్పించండి. ఆయన తాగుతుంటే, మద్యం మత్తు నిద్ర కాదని గుర్తుంచుకోండి.

అత్తమ్మతో దిష్టి గురించి గొడవ వద్దు. ఆమె నిమ్మకాయ తిప్పుకోనివ్వండి, మీరు డాక్టరు దగ్గరికి బయలుదేరండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ‘మనసుకు’ అంటే ఆయన రాకపోవచ్చు, ‘నిద్ర పట్టడం లేదుగా, చూపిద్దాం’ అనండి. అది అబద్ధం కాదు. ఆయన మాట వినే బావమరిదినో స్నేహితుణ్ణో వెంట తీసుకెళ్లండి. నిద్ర ఎన్నాళ్లుగా లేదో, తిండి ఎంత తగ్గిందో, ఆయన అన్న ఆ మాటతో సహా డాక్టరుకు చెప్పండి. మందులు రాస్తే, ఎండలో పని చేసే మనిషని కూడా చెప్పండి. కొన్ని మానసిక వ్యాధుల మందులు ఒంటికి వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. నీళ్లు ఎంత తాగాలో, ఎండకు ఎలా జాగ్రత్తపడాలో అడిగి తెలుసుకోండి. కాస్త నయమనిపించగానే సొంతంగా ఆపేయనివ్వకండి.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ నిద్ర గురించి, మీ తిండి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ తోటకు మీరూ నీళ్లు పోశారు. 14416కు ఫోను చేసినప్పుడు ఆయన సంగతి అయ్యాక, మీ సంగతి కూడా చెప్పండి.