అల్లుడికి ఉత్తరం: మిషన్ ఆపే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విజయనగరం కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మూడు ల్యాబులు, 180 డెస్క్‌టాప్‌లు, రెండు సర్వర్లు నీ ఒక్కడి చేతిలోనే పెట్టారట. సాయంత్రం ఒక్క క్లిక్‌తో అన్నీ ఆగి, పొద్దున్న ఒక్క క్లిక్‌తో అన్నీ లేచేలా చేస్తానని సంబరపడుతున్నావట. చెయ్యి, మంచి పనే. ఆ క్లిక్ కొట్టే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

ఆఫ్ అన్నది ఒక్కటి కాదురా. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి మిషన్ కరెంటు వాడకాన్ని నడిపే ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. అందులో మిషన్ ఉండే స్థితులకు పేర్లు పెట్టారు. పని చేస్తుంటే ఎస్0. ఎస్3 అంటే నిద్ర. ర్యామ్‌కి, అంటే పని నడుస్తున్నంతసేపు సమాచారం ఉండే తాత్కాలిక మెమరీకి కరెంటు అందుతుంది, మిగతావి దాదాపు అన్నీ ఆగుతాయి. ఎస్4 అంటే హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకుని ఆగిపోతుంది. మనం షట్‌డౌన్ అనేది ఎస్5. అందులోనూ మిషన్ పూర్తిగా చావదు. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపు లోపల కరెంటు పంచే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి వెళ్తూనే ఉంటుంది. ఓ సాయంత్రం షట్‌డౌన్ చేసిన సీపీయూ వెనక్కి వంగి చూడు. కేబుల్ గుచ్చిన చోట చిన్న లైటు వెలుగుతుంటే ఆ నెట్‌వర్క్ కార్డు ఇంకా మెలకువగా ఉన్నట్టే. పొద్దున్న నువ్వు పంపే పిలుపు వినేది అదే.

ఆ పిలుపునే మ్యాజిక్ ప్యాకెట్ అంటారు. మొత్తం 102 బైట్లు. ముందు ఎఫ్‌ఎఫ్ అనే బైటు ఆరు సార్లు, ఆ వెనకే మ్యాక్ అడ్రస్, అంటే ఆ కార్డుకున్న ఆరు బైట్ల సొంత నంబరు 16 సార్లు. సంతలో ఒకడిని పేరు పెట్టి పదహారు సార్లు కేకేసినట్టు. అందరికీ వినిపిస్తుంది, ఆ పేరున్నవాడే లేస్తాడు. ఇలా అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ కాబట్టి మామూలుగా అది రూటర్ దాటి అవతలి నెట్‌వర్క్‌లోకి పోదు. మూడు ల్యాబులూ వేర్వేరు నెట్‌వర్క్‌లైతే ఒక్కో దాంట్లో పిలిచేందుకు ఒక మిషన్ మేలుకుని ఉండాలి.

ఇలా నెట్‌వర్క్ మీద నుంచి లేపడాన్నే వేక్ ఆన్ ల్యాన్ అంటారు. నేను మా ల్యాబులో అది పెట్టిన మొదటి వారం సగం మిషన్లు లేచేవి, సగం లేచేవి కావు. మూడు రోజులు బయోస్, అంటే మిషన్ ఆన్ అవగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం సెట్టింగులు తిరగేస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు సాయంత్రం తాళం వేసే దాకా అక్కడే ఉంటే అప్పుడు కనిపించింది. అటెండరు కిటికీ వైపు వరసలకి బోర్డు స్విచ్ ఆపేస్తున్నాడు. అతని తప్పేం లేదు, ఏళ్ల తరబడి చేస్తున్న పని. ఎవరూ వద్దని చెప్పలేదు. నువ్వు ముందే మీ అటెండరు పక్కన కూర్చుని, ఆ చిన్న లైటు చూపించి, ఎందుకు ఉంచాలో చెప్పు. రాత్రిళ్లు స్విచ్ ఆపి ఉంచితే బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ కూడా తొందరగా అయిపోయి తేదీ వెనక్కి పోతుంది. ఉరుములు, మెరుపులు ఉన్న రోజు మాత్రం ఆపెయ్యమను, ప్లగ్గులు కూడా తీసెయ్యమను.

విండోస్ మిషన్లతో ఇంకో చిక్కు ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది. నువ్వు షట్‌డౌన్ నొక్కితే అది విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని డిస్కులో దాచుకుని సగం హైబర్నేట్‌లోకి పోతుంది. అక్కణ్ణుంచి వేక్ ఆన్ ల్యాన్ పనిచేస్తుందని నమ్మకం పెట్టుకోకు. ల్యాబు మిషన్లలో దాన్ని తీసెయ్.

అన్నిటికంటే ముందు ప్రతి మోడల్‌నీ నువ్వు ఏం చేయగలవని అడుగు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఏ కొడితే ఆ మిషన్ ఏయే నిద్రలకు ఒప్పుకుంటుందో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో చెబుతుంది. స్లాష్ లాస్ట్‌వేక్ కొడితే కిందటిసారి ఎవరు లేపారో చెబుతుంది. పాత మిషన్లు, కొత్తవి కలిసి ఉంటాయి కాబట్టి ఒక పట్టిక రాసుకో. చేయగలిగింది ఒక గడిలో, ఇప్పుడున్న స్థితి ఇంకో గడిలో. రెండూ వేర్వేరు సంగతులు. దూరం నుంచి మిషన్లను నడపడానికి డీఎంటీఎఫ్ అనే సంస్థ పెట్టిన ప్రమాణంలో కూడా వీటిని విడివిడిగానే పెట్టారు. అక్కడ మిషన్‌ని ఆపమని అడిగితే 0 అని జవాబొస్తే పని అయిపోయినట్టు, 4096 అని వస్తే మొదలైందని మాత్రమే. జవాబు వచ్చింది కదా అని లేచి వెళ్లిపోకు. కాసేపాగి స్థితి మళ్లీ అడుగు.

సర్వర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. సర్వర్ ఆగినా మేలుకుని ఉండే మేనేజ్‌మెంట్ చిప్ ఒకటి బోర్డు మీద ఉంటుంది. దాంతో ఇంట్లో కూర్చుని కూడా ఆపొచ్చు. అందులో సాఫ్ట్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని సర్దుకుని పడుకోమని అడగడం. హార్డ్ ఆఫ్ అంటే పవర్ బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టినట్టే, అడగడం ఉండదు. ఒక కాలేజీలో పనిచేసేటప్పుడు ఫీజుల సర్వర్ పలకడం లేదని టెన్షన్‌లో నేను హార్డ్ ఆఫ్ కొట్టాను. అప్పుడు డేటాబేస్ రాస్తోంది. రెండు టేబుళ్లు పాడయ్యాయి. ముందు రాత్రి బ్యాకప్ తెచ్చి, ఆ రోజు రసీదు పుస్తకాలు పక్కన పెట్టుకుని, గుమస్తా చదువుతుంటే నేను రెండు రోజులు చేత్తో ఎక్కించాను. సాఫ్ట్ కొట్టి పది నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది. నువ్వు ఆగు.

ఇక మన ప్రాంతం సంగతి. ఎస్3 నిద్ర బాగానే ఉంటుంది, టక్కున లేస్తుంది. కానీ కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది పోయినట్టే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి మన దగ్గర ఎస్4 పెట్టు. లేవడానికి కాస్త ఆలస్యమైనా పిల్లల పని పోదు. పైడితల్లి సిరిమాను పండగకి సెలవులిచ్చినప్పుడు ఎస్5కి దింపు.

బయోస్‌లో కరెంటు తిరిగొచ్చినప్పుడు ఏం చేయాలనే సెట్టింగు ఉంటుంది. ఆఫ్‌గానే ఉండటం, ఆన్ అవడం, ముందున్న స్థితికి రావడం, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత మాకు కరెంటు మొదటిసారి వచ్చినప్పుడు నిలకడగా రాలేదు. వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది. ఆన్ అని పెట్టిన మిషన్లన్నీ ఒక్కసారే లేవబోయి యూపీఎస్ ట్రిప్ అయింది. ఇలా మూడు సార్లు. రెండు హార్డ్ డిస్కులు పోయాయి. అప్పటి నుంచి ల్యాబు మిషన్లన్నిటికీ ఆఫ్‌గా ఉండమని పెట్టాను. కరెంటు కుదురుకుందని నమ్మకం కలిగాక పదేసి చొప్పున నేనే లేపేవాణ్ణి. సర్వర్లకి మాత్రం ముందున్న స్థితి పెట్టు, అది కూడా యూపీఎస్ బ్యాటరీ బాగుంటేనే.

అక్టోబర్ రాకముందే ఇవన్నీ అయిపోవాలి. ఈ ఆదివారం మొదటి ల్యాబు పట్టిక రాసుకుని ఇంటికి రా. ఏ మోడల్ ఏ నిద్రకి ఒప్పుకోలేదో ఇద్దరం కూర్చుని చూద్దాం. అత్త అరిసెలు చేస్తానంటోంది.

మీ మావయ్య