ఆస్ట్రియా మిత్రదేశమైన ఇటలీ 1915లో ఆస్ట్రియా మీదే ఎందుకు యుద్ధానికి దిగింది?

జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల మధ్య 1882లో కుదిరిన త్రైపాక్షిక ఒప్పందం ఆత్మరక్షణ కోసమే. 1914 జులై 28న సెర్బియాపై ముందుగా యుద్ధం ప్రకటించింది ఆస్ట్రియాయే, అదీ ఇటలీతో సంప్రదించకుండా. కాబట్టి ఇటలీ తటస్థంగా ఉండిపోవడాన్ని నమ్మకద్రోహం అనలేం. పైగా ఇటలీకి బొగ్గు ఎక్కువగా బ్రిటన్ నుంచే రావాలి; అవతలి పక్షాన ఉన్న బ్రిటన్‌తో వైరం పెట్టుకోవడం కష్టం.

అసలు బేరం తర్వాత నడిచింది. ఇటలీ కోరిన, తన పాలనలోని ట్రెంటినో ప్రాంతాన్ని, ట్రియెస్టె రేవు నగరాన్ని వదులుకోవడానికి ఆస్ట్రియా నాన్చింది. 1915 ఏప్రిల్ 26న లండన్‌లో కుదిరిన రహస్య ఒప్పందంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా వాటితోపాటు ఏడ్రియాటిక్ సముద్ర తీరంలోని ఇస్ట్రియా, డాల్మేషియాలో కొంత భాగం కూడా ఇస్తామన్నాయి; నెలలోగా యుద్ధంలోకి దిగాలన్నది షరతు. మే 23న ఇటలీ ఆస్ట్రియాపై యుద్ధం ప్రకటించింది. జర్మనీపై మాత్రం 1916 ఆగస్టు దాకా ఆగింది.

దిగాక ఆస్ట్రియా సరిహద్దు దగ్గరి ఇసొంజో నది దగ్గరే చిక్కుకుపోయింది. కొండల మీద శత్రువు, కింది నుంచి ఎక్కాల్సిన సైన్యం, చాలని భారీ ఫిరంగులు. 1917 సెప్టెంబరులోగా 11 సార్లు దాడి చేసినా ట్రియెస్టె చేరలేకపోయింది.