అన్నగారొచ్చారు, కాఫీ పెట్టండి

గాంధీనగర్, విజయవాడ

తమ్ముడూ,

నువ్వు పంపిన ఐదు నిమిషాల స్టాండప్ కామెడీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీలకీ నవ్వుతారు, ఆ టెన్షన్ పెట్టుకోకు. బెంజి సర్కిల్ ట్రాఫిక్, మే నెల ఎండ, పెళ్లిలో అడ్డం నిలబడే ఫొటోగ్రాఫరు... నేనూ పాతికేళ్లు అవే అమ్ముకున్నాను. కాసేపు మిమిక్రీ, రెండు జోకులు, మళ్లీ మిమిక్రీ. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఈలలు కూడా పడ్డాయి.

మూడో పేజీలో మీ నాన్న వచ్చాడు. "మిర్చి వ్యాపారంలో సర్వం పోగొట్టుకుని కుమిలిపోయాడు" అని రాశావు. కొట్టెయ్. ఆ మాట ఏ సీరియల్లోనైనా దొరుకుతుంది. దాని కిందే, లెక్కలోకి రానట్టు ఒక లైను పడేశావు చూడు: ధర పడిపోయిన రోజు గుంటూరు యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య కళ్లు తుడుచుకుంటూ "ఘాటురా" అన్నాడని. ఒరేయ్, గుంటూరులో మగాడు నిశ్చింతగా ఏడవడానికి అంతకంటే మంచి చోటుందా? ఎందుకని ఎవరూ అడగరు. ఐదు నిమిషాలూ అక్కడే ఉండు.

నా సంగతి చెప్తాను. మా నాన్నకి ఆఖర్లో మతిమరుపు జబ్బు. నన్ను చూసి "ఎవరు బాబూ మీరు?" అనేవాడు. మాత్ర వేసుకోమంటే పళ్లు బిగించేవాడు. ఒకరోజు విసుగొచ్చి, ఎన్టీ రామారావు గొంతుతో "బ్రదర్, ఔషధం సేవించండి" అన్నాను. చటుక్కున నోరు తెరిచాడు. పైగా వంటింట్లోకి కేకేశాడు: "అన్నగారొచ్చారు, కాఫీ పెట్టండి!" నేను పొట్టకూటికి నేర్చుకున్న గొంతు గుర్తుంది, నా గొంతు గుర్తు లేదు.

ఆయన పోయిన నెలకే ఇది స్టేజీ మీద చెప్పబోయాను. సగంలో గొంతు పూడుకుపోయింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఒకాయన లేచి మంచినీళ్ల బాటిల్ అందించాడు. నవ్వించేవాడికి అంతకంటే అవమానం ఉంటుందా! మళ్లీ చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. అమెరికాలో రిచర్డ్ ప్రయర్ అనే కమెడియన్ 1980లో డ్రగ్స్ మత్తులో ఒళ్లు కాల్చుకుని, 1982 నాటికి స్టేజీ మీద అగ్గిపుల్ల వెలిగించి అటూ ఇటూ ఆడిస్తూ, అది వీధిలో పరిగెడుతున్న తనేనన్నాడు. అక్కడే టిగ్ నొటారో అనే ఇంకో కమెడియన్ 2012 ఆగస్టులో, క్యాన్సరని తెలిసిన కొద్ది రోజులకే, జనానికి హలో చెప్పినంత తేలిగ్గా ఆ కబురు చెప్పేసింది. అంత గుండె నాకు లేదు. నీకుందేమో, నీ స్క్రిప్టు చూస్తే అలా అనిపించలేదు.

బుర్రకథ ఎప్పుడైనా చూశావా? కథకుడు కన్నీళ్లు పెట్టిస్తుంటే పక్కన హాస్యపు వంత అడ్డం తగిలి నవ్విస్తాడు. నీకు ఆ వంతగాడు లేడు, ఇద్దరి పనీ నీదే. అందుకని రాసేటప్పుడు మార్జిన్‌లో వాణ్ణి కూర్చోబెట్టుకో. నువ్వు "గుండె బరువెక్కింది" అని రాయగానే వాడు "ఎన్ని టిక్కీలు?" అనాలి.

ఇంకొక్కటి. ఆ కన్నీళ్లు మీ నాన్నవి. మా నాన్నని అడిగే వీలు నాకు లేకపోయింది, నీకుంది. ముందు ఆయనకి చదివి వినిపించు. వద్దంటే యార్డు జోలికి పోకు. నీ ఇంజనీరింగ్ బ్యాక్‌లాగ్స్ ఉన్నాయిగా, అవైతే నీ స్వార్జితం.

ఇట్లు,
అన్నయ్య